షోలాపూర్ స్టేషన్ – నేతపేటల తొలి వాకిలి

రాజుల చరిత్రకు కోటలు సాక్ష్యమిస్తాయి. భక్తుల చరిత్రకు కోవెలలు సాక్ష్యమిస్తాయి. బ్రతుకుతెరువు వెదుక్కుంటూ పుట్టిన ఊరు విడిచివచ్చిన జనుల చరిత్రకు సాక్ష్యం పలికే కట్టడాలు మాత్రం అరుదు. షోలాపూర్ తెలుగు నేతవారి విషయంలో అటువంటి కట్టడం ఒకటి ఉన్నది. అది నగరానికి నైరుతి దిక్కున నిలిచిన రైలు స్టేషన్. సాఖర్ పేట, భద్రావతి పేట, దాజీ పేట, అశోక్ చౌక్ ప్రాంతాలలో నేడు కాపురముంటున్న కుటుంబాలలో అనేకం మూడు నాలుగు తరాల క్రిందట ఈ నగరంలో తొలి అడుగు మోపినది ఆ ప్లాట్‌ఫారం మీదనే.

ఆ స్టేషన్ నేడు పునరుద్ధరణకు నోచుకున్న స్టేషన్ల జాబితాలో చేరింది. గోడలకు కొత్త రూపు వస్తుంది, పైకప్పులు మారతాయి, లిఫ్టులు వస్తాయి. ఈ సందర్భంలో ఆ స్టేషన్ ఎట్లా పుట్టింది, ఎవరిని ఎక్కడి నుండి తీసుకువచ్చింది, నేతపేటల ఏర్పాటుకు ఏ విధంగా కారణమైంది అన్న చరిత్రను ఒకచోట చేర్చి చెప్పుకోవడం అవసరం. పెద్దలు ఒక్కొక్కరుగా కాలం చేస్తున్న కొద్దీ ఈ చరిత్రలో ఒక్కొక్క పుట రాలిపోతున్నది.

పట్టాలు ఆగిన ఊరు

భారతదేశంలో తొలి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుండి ఠాణాకు నడిచింది. దానిని నడిపిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే కంపెనీ దృష్టి అప్పటికే దక్కను పీఠభూమి మీద ఉన్నది. ఇంగ్లండులోని మిల్లులకు ప్రత్తి కావాలి. ఆ ప్రత్తి షోలాపూర్, బార్శీ, గుల్బర్గా ప్రాంతాల నల్లరేగడిలో పండుతున్నది. ఎడ్లబండ్ల మీద సహ్యాద్రి కనుమలు దాటి బొంబాయి రేవుకు చేరేసరికి సరుకులో కొంత దుమ్ముకు, వానకు చెడిపోయేది. ఈ కారణం చేతనే పట్టాలు ఆగ్నేయ దిశగా సాగాయి.

1858లో పూనాకు రైలు వచ్చింది. 1859లో ఆ దారి బార్శీ రోడ్డు అనే చోటికి చేరింది. అదే నేటి కుర్దువాడి. 1860 జూన్‌లో రైలు షోలాపూర్ చేరుకున్నది. అప్పటికింకా భోర్ ఘాటు కనుమలో పట్టాలు పూర్తి కాలేదు. ఆ కొండదారి 1863లో గాని తెరచుకోలేదు. అంటే షోలాపూర్ నుండి బయలుదేరిన ప్రయాణికుడు తొలి మూడేళ్ళు ఖండాలా వద్ద బండి దిగి, కొండ దిగి, మరల క్రింద మరొక బండి ఎక్కవలసి వచ్చేది.

షోలాపూర్ చేరిన పట్టాలు సుమారు పదేళ్ళపాటు అక్కడనే ఆగిపోయాయి. ఈ ఆగిపోవడమే నగరానికి కలిసివచ్చింది. నిజాం రాజ్యం నుండి, కర్ణాటక సీమ నుండి బండ్ల మీద వచ్చిన సరుకంతా ఇక్కడ దింపి రైలుకు ఎక్కించవలసి వచ్చింది. సరిగా ఆ సంవత్సరాలలోనే, 1861 నుండి 1865 వరకు, అమెరికాలో అంతర్యుద్ధం జరిగి అక్కడి ప్రత్తి ఇంగ్లండుకు అందక భారతదేశపు ప్రత్తికి ఎన్నడూ లేని గిరాకీ ఏర్పడింది. దళారులు, కమీషన్ వ్యాపారులు, బండ్ల యజమానులు, హమాలీలు ఈ ఊరికి చేరారు. పూర్వం కోట చుట్టూ, సిద్ధేశ్వరుని చెరువు చుట్టూ ఒదిగి ఉన్న ఊరు వాణిజ్య నగరంగా మారడానికి ఆ పదేళ్ళు పునాది వేశాయి.

తూర్పు నుండి తెరచుకున్న దారి

షోలాపూర్‌లో తెలుగు సాలెలు రైలుకు పూర్వం నుండే కొందరు ఉన్నారు. అయితే కొద్దిపాటి కుటుంబాలు వేల కుటుంబాలుగా పెరగడానికి తూర్పు దిక్కున దారి తెరచుకోవలసి వచ్చింది. 1870లో పట్టాలు గుల్బర్గా చేరాయి. 1871లో రాయచూరు వద్ద మద్రాసు రైల్వేతో కలిశాయి. 1874 అక్టోబరులో వాడి నుండి సికింద్రాబాదు వరకు నిజాం రైలు ప్రారంభమైంది. ఆ రైలు మార్గం మొదటి సాలార్‌జంగ్ ప్రధానిగా ఉన్న కాలంలో వెలసింది. వాడి వద్ద నిజాం రైలు, బొంబాయి రైలు కలుసుకున్నాయి. 1886లో ఆ దారి సికింద్రాబాదు నుండి వరంగల్‌కు, 1889లో బెజవాడకు సాగింది.

ఈ సంవత్సరాలను తెలంగాణ పటం మీద పెట్టి చూస్తే షోలాపూర్ నేతపేటల పుట్టుక స్పష్టంగా కనిపిస్తుంది. నల్లగొండ సీమలోని సాలె భువనగిరిలోనో, ఆలేరులోనో రైలు ఎక్కగలిగాడు. వరంగల్ వైపువాడు జనగామలోనో, వరంగల్‌లోనో ఎక్కాడు. కరీంనగర్ వైపువాని ఊళ్ళకు ఆనాడు రైలు లేదు. అతడు రోజుల తరబడి నడిచో, బండి మీదనో వరంగల్ దారికి చేరుకోవలసి వచ్చింది. అక్కడి నుండి సికింద్రాబాదు, వాడి, గుల్బర్గా మీదుగా షోలాపూర్. దారిలో భాష తెలుగు నుండి ఉర్దూకు, కన్నడానికి, చివరకు మరాఠీకి మారేది. బండి దిగేసరికి చేతిలో ఒక మూట, మనసులో ముందుగా వచ్చి స్థిరపడిన బంధువు పేరు, ఆ బంధువు ఉండే పేట పేరు మాత్రమే మిగిలేవి.

వారు ఎందుకు వచ్చారన్న ప్రశ్నకు ఒక్క సమాధానం చాలదు. 1876 నుండి 1878 వరకు దక్కనును మహా కరవు పట్టి పీడించింది. కరవులో రైతు ముందుగా మానుకునేది కొత్త బట్ట. కనుక రైతు కన్న ముందు నేతగాని మగ్గం ఆగుతుంది. ఆ మీదట మిల్లు బట్ట పల్లెలకు వచ్చి, మిగిలిన గిరాకీని కూడా తగ్గించింది. ఇటువైపు షోలాపూర్‌లో పని పెరిగింది. 1877లో షోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు వెలసింది. జనం వాడుకలో అదే పాత మిల్లు. పందొమ్మిదవ శతాబ్ది చివరలో లక్ష్మీ మిల్లు, నర్సింగ్ గిర్జీ మిల్లు, ఆ తరువాత విష్ణు మిల్లు, జామ్ మిల్లు వచ్చాయి. మిల్లులు ఉన్న ఊరిలో నూలు దగ్గరలోనే దొరుకుతుంది. కనుక మిల్లు గేటు లోపల కూలి దొరకనివారికి సైతం బయట చేమగ్గం మీద బ్రతుకు దొరికింది.

షోలాపూర్ వచ్చినంత మాత్రాన కష్టం తీరిందని చెప్పలేము. 1896–97 కరవులో ఇక్కడి మగ్గాలు కూడా ఆగాయి. అప్పుడు బాలగంగాధర తిలక్ షోలాపూర్ వచ్చి, స్థానిక వర్తకుల సహకారంతో నేతవారికి పని కల్పించే పథకం ఒకటి రూపొందించారు. ప్రభుత్వం దానిని అంగీకరించలేదు. రైలు జనాన్ని తీసుకురాగలిగింది గాని, వారి పొయ్యి మీద ఎసరుకు హామీ ఇవ్వలేకపోయింది.

స్టేషన్ నుండి పేటకు

స్టేషన్ నైరుతిలో ఉండగా, తెలుగు నేతపేటలు నగరానికి తూర్పున విస్తరించాయి. మధ్యలో భుయికోట కిల్లా, సిద్ధేశ్వరుని చెరువు. కొత్తగా వచ్చిన కుటుంబం నగరమంతా దాటుకుని పేట చేరుకునేది. అక్కడ కార్ఖానాదారు మగ్గం ఇచ్చేవాడు. తలదాచుకొనుటకు ఆ కార్ఖానాలోనే చోటు దొరికేది. పగలు నేసిన మగ్గాల నడుమ రాత్రి పడక వేసుకునే స్థితి నుండి ఎన్నో కుటుంబాలు సొంత ఇంటికి, సొంత మగ్గానికి ఎదిగాయి. మగవారు మగ్గం మీద, పిల్లలు, పెద్దలు కండెల మీద, స్త్రీలు బీడీల చాట ముందర – ఈ విధంగా ఇంటిల్లిపాది శ్రమ మీద పేటలు నిలిచాయి. మిల్లు భోంగా మ్రోగితే పేటలో తెల్లవారేది.

స్టేషన్ జనాన్ని తీసుకురావడంతో తన పని ముగించలేదు. చీరల బేళ్ళు, అనంతరం జకార్డు మగ్గాల మీద నేసిన దుప్పట్ల బేళ్ళు, టవళ్ళ బేళ్ళు ఆ స్టేషన్ నుండే దేశం నలుమూలలకు వెళ్ళాయి. పడుగు ఒకచోట, పేక ఒకచోట ఉంటే బట్ట కాదు. ఈ నగరపు వస్త్ర వ్యాపారానికి తెలంగాణ పనితనం పడుగు కాగా, రైలు దారి పేకగా అమరింది. నేడు భౌగోళిక గుర్తింపు పొందిన షోలాపురి చాదర్ వెనుక చేతులు ఎన్ని ఉన్నాయో, చక్రాలు కూడా అన్ని ఉన్నాయి.

పెళ్ళిళ్ళు ఈ దారినే కుదిరాయి. కోడలు తెలంగాణ నుండి వచ్చింది, కూతురు తెలంగాణకు వెళ్ళింది. చావు కబురు మోసిన తంతి, పండుగకు పంపిన మనియార్డరు అన్నీ ఈ పట్టాల వెంటనే నడిచాయి. మూడు తరాలు గడచినా పేటలలో ఇంటి భాష తెలుగుగానే నిలవడానికి ఈ రాకపోకలు బలమైన కారణం. దారి తెగిన చోట భాష కూడా త్వరగా తెగిపోతుంది. షోలాపూర్‌లో తెలుగు మాధ్యమంలో చదువు చెప్పే పాఠశాలకు అవసరం ఏర్పడిందంటే, దాని వెనుక ఈ రైలు దారి ఉన్నది.

చిన్న ఊరి పెద్ద జంక్షన్

షోలాపూర్‌కు పడమట ఉన్న కుర్దువాడి కథ ఇదే చరిత్రకు మరొక పార్శ్వం. బార్శీ పట్టణం ప్రత్తికి పేరు పొందిన అంగడి. అయితే పెద్ద రైలు దారి దానికి దూరంగా సాగిపోయింది. అందుచేత ఆ దారి మీది స్టేషన్‌కు బార్శీ రోడ్డు అన్న పేరు మాత్రమే దక్కింది. ఈ లోటును తీర్చినవాడు ఎవరార్డ్ కాల్‌త్రాప్ అనే ఆంగ్లేయ ఇంజనీరు. తక్కువ ఖర్చుతో, 2 అడుగుల 6 అంగుళాల వెడల్పు గల సన్నపట్టాల మీద కూడా బరువైన సరుకు తీసుకుపోవచ్చునని ఆయన వాదించాడు. బండి బరువును అన్ని ఇరుసుల మీద సమంగా పంచితే తేలిక పట్టాలు కూడా తట్టుకుంటాయన్నది ఆయన సూత్రం. ఇంగ్లండులో లీడ్స్ సమీపాన తాత్కాలికంగా పట్టాలు పరచి దీనిని పరీక్షించి చూపాడు.

బార్శీ లైట్ రైల్వే 1897లో కుర్దువాడి నుండి బార్శీకి నడవసాగింది. 1906లో పండరిపురానికి, 1911లో లాతూరుకు, 1927లో మిరజ్‌కు సాగి మొత్తం సుమారు 200 మైళ్ళ దారిగా పెరిగింది. ఆషాఢ ఏకాదశికి విఠలుని దర్శించుకునే వార్కరీలతో పాటు, పాండురంగని కొలిచే తెలుగు కుటుంబాలు కూడా కుర్దువాడిలో దిగి ఆ చిన్న బండి ఎక్కేవి. కుర్దువాడి అన్న చిన్న ఊరు బండి మారే ప్రయాణికుల వల్ల, పెద్ద బండి నుండి చిన్న బండికి సరుకు మార్చే హమాలీల వల్ల బ్రతికింది. మరొకవైపు 1884లో హోట్గీ నుండి బిజాపూర్ వైపు మీటరు గేజి దారి తెరచుకున్నది. ఆ విధంగా షోలాపూర్ చుట్టుప్రక్కల బ్రాడ్ గేజి, మీటరు గేజి, న్యారో గేజి మూడూ సమావేశమయ్యాయి.

బార్శీ రైల్వేను 1954లో ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నది. ఈ శతాబ్ది ఆరంభ దశాబ్దంలో ఆ దారి దశలవారీగా బ్రాడ్ గేజిగా మారింది. కొత్త దారి పూర్వం రైలు చూడని ఉస్మానాబాద్ పట్టణాన్ని తాకుతూ సాగింది. ఆ పట్టణం పేరు నేడు ధారాశివ్. ప్రయాణికునికి బండి మారే శ్రమ తప్పింది. అదే సమయంలో, బండి మారే చోటుగా పెరిగిన కుర్దువాడికి ఆ సందడిలో కొంత తగ్గింది. పునరుద్ధరణ ఎప్పుడూ ఒక చేత్తో ఇచ్చి, మరొక చేత్తో కొంత తీసుకుపోతుందనడానికి ఇది చక్కని నిదర్శనం.

సికింద్రాబాదు పాలనలో పదకొండేళ్ళు

షోలాపూర్ స్టేషన్ చరిత్రలో తెలుగువారు మరువరాని అధ్యాయం మరొకటి ఉన్నది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. షోలాపూర్ డివిజన్‌ను మధ్య రైల్వే నుండి తీసి అందులో చేర్చారు. 1977 అక్టోబరు 2న దానిని తిరిగి బొంబాయి కేంద్రమైన మధ్య రైల్వేకు అప్పగించారు. ఈ పదకొండేళ్ళు షోలాపూర్ స్టేషన్‌కు సంబంధించిన పై అధికారుల ఉత్తర్వులు సికింద్రాబాదు నుండి వెలువడ్డాయి. రాష్ట్రాల హద్దులు భాషను బట్టి గీసినా, పట్టాల హద్దులు జనుల రాకపోకలను బట్టి గీస్తారని ఈ ఉదంతం తెలుపుతున్నది. హైదరాబాదు నుండి ముంబయి వెళ్ళే హుస్సేన్ సాగర్ ఎక్స్‌ప్రెస్ షోలాపూర్ మీదుగానే వెళుతుంది.

స్వాతంత్ర్య పోరాటపు గుర్తు కూడా ఈ స్టేషన్‌తో ముడిపడి ఉన్నది. 1930 మే నెలలో షోలాపూర్‌లో మార్షల్ లా విధించిన పిమ్మట, 1931 జనవరి 12న మల్లప్ప ధన్‌శెట్టి, శ్రీకిసన్ సార్డా, జగన్నాథ శిందే, కుర్బాన్ హుస్సేన్ అనే నలుగురు వీరులు ఉరికంబమెక్కారు. షోలాపూర్–పూనా నడుమ నడిచే హుతాత్మా ఎక్స్‌ప్రెస్ పేరులో ఆ అమరవీరుల స్మృతి నిలిచి ఉన్నది. ఒక బండికి పెట్టిన పేరు చరిత్రను ప్రతిదినం వేల నోళ్ళలో పలికించగలదు.

పునరుద్ధరణ అంటే ఏమిటి?

2023 ఆగస్టు 6న దేశవ్యాప్తంగా 508 స్టేషన్ల పునరభివృద్ధికి ప్రధానమంత్రి శంకుస్థాపన గావించారు. ఈ అమృత్ భారత్ స్టేషన్ పథకం క్రింద మొత్తం 1300కు పైగా స్టేషన్లను ఎంపిక చేశారు. షోలాపూర్, కుర్దువాడి, పండరిపురం ఈ జాబితాలో ఉన్నాయి. అదే సంవత్సరం ఫిబ్రవరి 10న ముంబయి–షోలాపూర్ వందే భారత్ బండి కూడా ప్రారంభమైంది. 2025 మే 22న ఈ పథకం క్రింద పూర్తయిన 103 స్టేషన్లను ప్రారంభించగా, వాటిలో తెలంగాణకు చెందిన బేగంపేట, వరంగల్, కరీంనగర్ ఉన్నాయి. షోలాపూర్ నేతవారి పూర్వీకులలో ఎందరో బయలుదేరిన వరంగల్, పూర్వీకులు వెళ్ళే నాటికి రైలే లేని కరీంనగర్ – ఈ రెండూ ఒకే రోజున కొత్త రూపు దాల్చడం ఈ నగరవాసులకు ప్రత్యేకంగా గమనించదగిన విషయం.

అయితే కొత్త రూపు అంతటా ఒకే తీరున రాలేదు. 1916లో నిర్మించిన కాచిగూడ స్టేషన్ తన గుమ్మటాలతో నేటికీ నిలిచి, దినదినం ప్రయాణికుల సేవలో ఉన్నది. సికింద్రాబాదు కథ వేరు. ఎన్నో తరాల వారికి గుర్తుగా నిలిచిన దాని తోరణాల ముఖభాగాన్ని కొత్త నిర్మాణం కోసం 2025 ఫిబ్రవరిలో కూల్చివేశారు. రద్దీ పెరిగిన స్టేషన్‌కు విశాలమైన చోటు అవసరమన్న వాదనలో నిజమున్నది. కూల్చిన పిదప ఆ తోరణాన్ని పిల్లలకు ఛాయాచిత్రంలో మాత్రమే చూపగలమన్నదీ నిజమే. షోలాపూర్ కుటుంబాల ప్రయాణంలో ఒక కొస ఆ విధంగా రూపు మాసిపోయింది. రెండవ కొస విషయంలో ముందుచూపు అవసరం.

పునరుద్ధరణకు మూడు అంగాలు ఉన్నాయి. మొదటిది కట్టడం. దీనిని ఇంజనీర్లు చూసుకుంటారు. రెండవది సేవ. 2020 మార్చిలో కొవిడ్ వల్ల దేశమంతటా ప్రయాణికుల బండ్లు ఆగాయి. తిరిగి నడిచినప్పుడు అనేక ప్యాసింజర్ బండ్లకు ఎక్స్‌ప్రెస్ ఛార్జీ వసూలు చేశారు. 10 రూపాయల కనీస టికెట్టు 30 రూపాయలైంది. 2024 ఫిబ్రవరిలో గాని పాత ఛార్జీ తిరిగి రాలేదు. పని కోసం ప్రతిదినం ప్రయాణించే కూలివానికి పాలరాతి నేల కన్న 10 రూపాయల టికెట్టే గొప్ప పునరుద్ధరణ.

మూడవ అంగం జ్ఞాపకం. ఇది ఏ గుత్తేదారు చేతిలోనూ లేదు. స్థానిక సంస్కృతి, వారసత్వం స్టేషన్ రూపులో ప్రతిఫలించాలన్నది అమృత్ భారత్ పథకపు ఆశయాలలో ఒకటి. షోలాపూర్ వారసత్వంలో కోట, సిద్ధేశ్వరాలయం వలెనే మగ్గానికి కూడా స్థానం ఉన్నది. 1860, 1874, 1877 అన్న మూడు సంవత్సరాలను ప్రక్కప్రక్కన వ్రాసి, భువనగిరి, ఆలేరు, వరంగల్, వాడి దారిని ఒక పటంగా గీసి ప్లాట్‌ఫారం గోడ మీద ఉంచితే, అందుకయ్యే ఖర్చు స్వల్పం. ఆ పటం ముందు నిలిచే మనుమనికి తన తాత వచ్చిన దారి కనిపిస్తుంది.

అటువంటి పటం గీయాలంటే ముందుగా సమాచారం కావాలి. అది పుస్తకాలలో కొంత ఉన్నది. పూనాలోని గోఖలే సంస్థ షోలాపూర్ నేతవర్గాలపై ఆర్.జి. కాకడే చేసిన పరిశీలనను 1947లో ప్రచురించింది. సామూహిక స్థితిగతులు అటువంటి గ్రంథాలలో దొరుకుతాయి. ఏ కుటుంబం ఏ ఊరి నుండి వచ్చింది, ఏ స్టేషన్‌లో బండి ఎక్కింది, ఎవరి కార్ఖానాలో తొలి రాత్రి గడిపింది అన్న వివరాలు మాత్రం పేటలలోని పెద్దల మనసులలోనే ఉన్నాయి. పూర్వ విద్యార్థులు తమ ఇంటి పెద్దను అడిగి ఈ మూడు ప్రశ్నలకు సమాధానం తెలుగులో వ్రాసి పెట్టడం, ఉపాధ్యాయులు వాటిని తరగతివారీగా సేకరించి భద్రపరచడం కష్టసాధ్యమైన కార్యం కాదు. 75 ఏళ్ళు అక్షరం నేర్పిన పాఠశాలకు ఇది తగిన జూబిలీ కానుక.

షోలాపూర్‌లో తొలి మిల్లుల భోంగాలు అనేకం ఆగిపోయాయి. చేమగ్గాల స్థానంలో సాంచెలు వచ్చాయి. స్టేషన్ కట్టడం మారుతున్నది. 1860లో పరచిన దారి మాత్రం అదే దారిగా నిలిచి, నేటికీ తూర్పు నుండి వచ్చే బండ్లను ఈ నగరానికి చేరుస్తున్నది. ఆ దారిన వచ్చినవారి పేర్లను, ఊర్లను వ్రాసి ఉంచే బాధ్యత ఆ దారి వల్ల మేలు పొందిన తరాల మీద ఉన్నది.